ఊరికే ఊఁ కొట్టొద్దు

హైదరాబాద్‌లోని మా సుచిత్రలో గాలి ఎటు నుంచి వీస్తోందో చెప్పడానికి వాతావరణ కేంద్రం అక్కర్లేదు. ముక్కు చాలు. పడమటి గాలి తిరిగిన రాత్రి జీడిమెట్ల పారిశ్రామికవాడ నేరుగా మా పడకగదుల్లోకి వచ్చేస్తుంది. ఒకనాడు కుళ్లిన కోడిగుడ్డు, ఒకనాడు గోళ్లరంగు, ఒకనాడు పేరు పెట్టలేని మరేదో. కిటికీలు బిగించుకుని పడుకుంటాం. తెల్లారాక కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఎర్రమొహం బొమ్మ పెడతారు. నలుగురు దానికి దండాలు జోడిస్తారు. అంతటితో ఆ పూటకి ప్రజా ఉద్యమం ముగుస్తుంది.

అందుకే 2025 నవంబరు 22న తెలంగాణ ప్రభుత్వం 27వ నంబరు జీవో ఇచ్చినప్పుడు మా గ్రూపు చప్పట్లతో నిండిపోయింది. హైదరాబాద్ పారిశ్రామిక భూముల బదలాయింపు విధానం అది. పత్రికల వాళ్లు పొట్టిగా ‘హిల్ట్’ అంటున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దాని పక్కనా ఉన్న పాత పారిశ్రామికవాడల్లోని దాదాపు 9,292 ఎకరాలు దీని పరిధిలోకి వస్తాయి. జీడిమెట్ల, బాలానగర్, నాచారం, ఉప్పల్, కాటేదాన్ అన్నీ ఉన్నాయి. ఫ్యాక్టరీ కోసం ఇచ్చిన స్థలంలో ఇకమీదట అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, దుకాణాలు, హోటళ్లు, ఆసుపత్రులు కట్టుకోవచ్చు. అందుకు యజమాని రిజిస్ట్రేషన్ విలువ మీద లెక్కగట్టి అభివృద్ధి ప్రభావ రుసుము చెల్లించాలి. స్థలం ముందున్న రోడ్డు 80 అడుగుల లోపుదైతే 30 శాతం, 80 అడుగులు గానీ అంతకు మించి గానీ ఉంటే 50 శాతం.

ప్రతిపక్షం దీన్ని భారీ కుంభకోణం అంది, ప్రభుత్వం కాదంది. ఆ తగువు తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. నాకు పట్టిన సంగతి అంతకంటే చిన్నది. కంపెనీ గోడకు అటువైపున్న యజమానికి ఏం వస్తుందో జీవోలో ఉంది, ఖజానాకు ఏం వస్తుందో ఉంది. గోడకు ఇటువైపున్న మనకు ఏం వస్తుంది?

మా దగ్గర ఈ ప్రశ్నకు రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. వాసన పోతుంది, రేటు పెరుగుతుంది, ఇంకేం కావాలి అనేది ఒకటి. ఇది చప్పట్ల పక్షం. ఇప్పుడే సుచిత్ర చౌరస్తా దాటాలంటే ప్రాణం పోతోంది, ఇంకో పాతిక టవర్లు లేస్తే మనం ఇల్లు కదలగలమా, ఒక్క దరఖాస్తునూ ఒప్పుకోవద్దు అనేది రెండోది. ఇది ధర్నా పక్షం. రెండింటిలోనూ నిజముంది. రెండింటికీ ఒక సుఖం కూడా ఉంది: చప్పట్లు కొట్టినా, నినాదాలు చేసినా కాగితం చదవాల్సిన పని ఉండదు. నేను మూడో పక్షం. ఒప్పుకుందాం, కానీ రాయించుకుని ఒప్పుకుందాం అంటాను. ప్రస్తుతానికి మా పక్షానికి సభ్యులు తక్కువ.

ముందు ఆ ఫ్యాక్టరీలకు ఒక న్యాయం చెయ్యాలి. వాళ్లు మన ఇళ్ల మధ్యకు రాలేదు, మనమే వాళ్ల పక్కకు వెళ్లాం. బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ 1961లో ఏర్పడింది. దాని వెనకే పుట్టిన మందుల పరిశ్రమకు జీడిమెట్ల పుట్టినిల్లులాంటిది అయింది. ఐడీపీఎల్‌లో కొలువు చేసిన కల్లం అంజిరెడ్డి 1984లో సొంతంగా డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. దేశం చవగ్గా మందుబిళ్ల మింగుతోందంటే అందులో ఈ వాడల చెమట ఉంది. చిన్న యూనిట్ల మురుగునంతా ఒకచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రాలలో దేశంలోనే తొలినాటివాటిలో ఒకటి 1980ల చివర్లో జీడిమెట్లలోనే వచ్చింది. ప్లాట్లు ఇక్కడ చవగ్గా దొరికాయని మనం తరవాత వచ్చాం. ఆ చవకకు కారణం కూడా ఆ వాసనే. కాబట్టి కంపెనీని విలన్ చేసి కథ మొదలుపెడితే అది మొదటి సీనులోనే తప్పిపోతుంది.

ఇక కంపెనీ వైపు లెక్క చూద్దాం. జోన్ మారిన రోజు ఆ స్థలంలో ఒక ఇటుక కదలదు. అయినా భూమి విలువ ఎన్నో రెట్లు అవుతుంది. ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చింది? యంత్రాల నుంచి కాదు, యజమాని తెలివి నుంచీ కాదు. నాగపూర్ హైవే పక్కన ఉండటం వల్ల వచ్చింది. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫాం దాకా వంతెన దారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరగడం వల్ల, మేడ్చల్ దాకా మెట్రో వస్తుందన్న ప్రతిపాదన వల్ల వచ్చింది. ఇక్కడ లక్షలమంది ఇళ్లు కట్టుకుని, బడులు నింపి, పన్నులు కట్టి, ట్రాఫిక్‌లో నిలబడి ఈ చోటును నలుగురూ కోరుకునే చోటుగా మార్చడం వల్ల వచ్చింది. అంటే ఆ విలువలో కొంత మన రద్దీయే. అందులో వాటా అడగడం ముష్టి కాదు, బెదిరింపూ కాదు.

ఇక్కడే మనం జారిపడతాం. వాటా అనగానే కాలనీ సంఘాలకు గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి: కాలనీ మొదట్లో స్వాగత కమాను, కంపెనీ పేరు చెక్కిన సిమెంటు బెంచీలు, వినాయక చవితి మండపానికి చందా, మహా అయితే కమ్యూనిటీ హాలుకు పది ఫ్యాన్లు. ఇవి తీసుకున్నాక నోరు పెగలదు. లంచానికీ షరతుకూ తేడా నాకు తెలిసినంతలో ఇదే: లంచం కొందరి చేతుల్లోకి చీకట్లో వస్తుంది, ఇచ్చినవాడి దయ మీద ఆధారపడుతుంది. షరతు అందరి ముందూ ఉత్తర్వులోకి ఎక్కుతుంది, ఇవ్వకపోతే అడిగే హక్కు పేరూ ఊరూ తెలియని అద్దెదారుడికి కూడా ఉంటుంది. ఫ్యాన్లు పంచినవాడిని కోర్టుకు ఈడ్చలేం, షరతు మీరినవాడిని ఈడ్చవచ్చు.

షరతులు అన్నవి మన వ్యవస్థకు కొత్తేమీ కాదు. మామూలు భూ వినియోగ మార్పిడిలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ దగ్గరికి దరఖాస్తు వెళ్తుంది, ముసాయిదా ప్రకటన వస్తుంది, అభ్యంతరాలూ సూచనలూ ఏవైనా ఉంటే గడువులోగా పంపమని అడుగుతారు, రుసుములు కట్టించుకుని తుది ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వుల అడుగున ఎప్పుడూ ఒక షరతుల పట్టిక ఉంటుంది. ఛార్జీలు కట్టాలి, ఈ ఉత్తర్వును భూమి హక్కుకు రుజువుగా చూపకూడదు, వ్యాజ్యాలు వస్తే దరఖాస్తుదారుదే బాధ్యత, రోడ్డు వెడల్పులో పోయే జాగాను ఉచితంగా అప్పగించాలి, కట్టే ముందు అనుమతి తీసుకోవాలి. ఈ పట్టికలో ప్రభుత్వం తనను తాను బాగానే కాపాడుకుంది. పొరుగువాడికి దొరికేది మహా అయితే మూడు మీటర్ల పచ్చని పట్టీ. అది ప్రభుత్వం తప్పని అనను. మనం పంపేవి ఎప్పుడూ అభ్యంతరాలే. సూచనల గడి ఖాళీగా ఉంటోంది.

పాత పరిశ్రమల భూమి కొత్త అవతారం ఎత్తడం ఈ దేశంలో ఇది మొదటిసారి కాదు. ముంబయి మధ్యలో దాదాపు 600 ఎకరాల మిల్లు భూములు ఉండేవి. మన కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పద్మశాలీలు మగ్గం వదిలి రైలెక్కి పనిచేసిన మిల్లులు వాటిలో ఉన్నాయి. 1982 సమ్మె తరవాత ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1991లో వచ్చిన నిబంధన చక్కగా ఉండేది. మిల్లు భూమి అమ్ముకోదలిస్తే మూడో వంతు నగరపాలికకు ఆటస్థలాలు, తోటల కోసం ఇవ్వాలి, మూడో వంతు ప్రభుత్వ గృహ సంస్థకు సామాన్యుల ఇళ్ల కోసం ఇవ్వాలి, మిగిలింది యజమానిది. 2001లో దాన్ని సవరించారు. పంచాల్సింది మొత్తం భూమిని కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమే అన్నారు. మిల్లు నిండా షెడ్లే కదా, ఖాళీ ఎంత ఉంటుంది? ఒక పర్యావరణ సంస్థ కోర్టుకు వెళ్తే 2005లో హైకోర్టులో గెలిచింది, 2006 మార్చిలో సుప్రీంకోర్టులో ఓడింది. ఇప్పుడు అక్కడ మాల్స్, ఆకాశహర్మ్యాలు ఉన్నాయి. ఊరికి దక్కాల్సిన తోటలు చాలావరకు ఆ సవరణలోనే కరిగిపోయాయి.

ఢిల్లీది మరో దారి. కాలుష్య పరిశ్రమలను నగరం బయటకు పంపే కేసులో సుప్రీంకోర్టు 1996లో ఖాళీ అయిన భూములకు ఒక లెక్క కట్టింది. 2,000 చదరపు మీటర్ల లోపు స్థలమైతే మొత్తం యజమానే కట్టుకోవచ్చు. అంతకు మించి 5 హెక్టార్ల దాకా 57 శాతం ఊరి అవసరాలకు వదలాలి. 10 హెక్టార్లు దాటితే 68 శాతం. వదిలినందుకు మిగిలిన జాగాలో మామూలు కంటే ఒకటిన్నర రెట్లు నిర్మాణం చేసుకోవచ్చు. చిన్నవాడిని వదిలి, పెద్దవాడి దగ్గర ఎక్కువ తీసుకుని, తీసుకున్నదానికి బదులు ఇచ్చిన లెక్క అది. జీడిమెట్లలో అర ఎకరం షెడ్డు నడిపేవాడూ పాతికెకరాల కంపెనీ యజమానీ ఒక్కటి కారని దీన్నుంచి మనం నేర్చుకోవచ్చు.

పొరుగువాళ్లు తమంతట తామే బేరం కుదుర్చుకున్న కథ లాస్ ఏంజెలిస్‌ది. అప్పట్లో స్టేపుల్స్ సెంటర్ అనే పేరున్న క్రీడా మందిరం చుట్టూ హోటళ్లు, దుకాణాలు కట్టాలనుకున్న సంస్థకు అనుమతులు కావాలి. చుట్టుపక్కల బస్తీల్లో ఎక్కువమంది అద్దెదారులు, కూలీలు. ముప్పైకి పైగా సంఘాలు ఒక్క తాటి మీదికి వచ్చాయి. 2001 మేలో ఒప్పందం రాసుకున్నారు. పార్కులకు పది లక్షల డాలర్లు, కట్టే ఇళ్లలో ఐదో వంతు తక్కువ ఆదాయాల వాళ్లకు, కొలువుల్లో స్థానికులకు ముందు అవకాశం, వచ్చే ఉద్యోగాల్లో 70 శాతం బతకడానికి సరిపోయే జీతంతో ఉండాలన్న లక్ష్యం. బదులుగా సంఘాలు ఆ ప్రాజెక్టును సమర్థించాయి. మద్దతు అనేది ఊరికే పారేసే చిల్లర కాదని వాళ్లకు తెలుసు.

సరే, సుచిత్రలో మనం ఏం అడగాలి? ఇరవై షరతులు పెడితే అది వద్దు అనడానికి మర్యాదైన దారి మాత్రమే. నాలుగు చాలు.

మొదటిది మట్టి. మూడు నాలుగు దశాబ్దాలు రసాయనాలు దింపిన నేల మీద పిల్లలు ఆడబోతున్నారు. అమెరికాలో నయాగరా జలపాతం పక్కన లవ్ కెనాల్ అనే చోట ఒక రసాయన కంపెనీ వేల టన్నుల వ్యర్థాలు పాతిపెట్టిన స్థలాన్ని 1953లో ఒక్క డాలరుకు బడికి ఇచ్చేసింది. బడి కట్టారు, చుట్టూ ఇళ్లు కట్టారు. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. కాబట్టి పునాది తవ్వకముందే మట్టినీ బోరు నీళ్లనూ స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించాలి, ఫలితాలు గోడ మీద పెట్టాలి, శుద్ధి ఖర్చు స్థలం యజమానిదే కావాలి.

రెండోది నీళ్లు. 2020 అక్టోబరు వానల్లో ఫాక్స్‌సాగర్ చెరువు నిండి కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. షెడ్ల మధ్య మట్టి నేల ఇంకించుకునే వాన, సిమెంటు చేసిన ప్రాంగణంలో ఇంకదు, నాలాలోకి ఉరుకుతుంది, అక్కణ్ణుంచి దిగువవాళ్ల గుమ్మాల్లోకి. తన జాగాలో పడిన వాన తన జాగాలోనే నిలవాలి, తన మురుగు తనే శుద్ధి చేసుకోవాలి, ఆ ప్లాంటు ఇళ్లలోకి జనం దిగకముందే పనిచేయాలి.

మూడోది దారి. పాత ఫ్యాక్టరీ గోడలు మన కాలనీల మధ్య అడ్డంగా ఉండబట్టే అందరం చుట్టు తిరిగి సుచిత్ర చౌరస్తా మీదో, పైప్‌లైన్ రోడ్డు మీదో పడుతున్నాం. గోడ కూలినప్పుడు దాని మధ్య నుంచి ఒక దారి తెరుచుకోవాలి. గేటూ, సెక్యూరిటీ గార్డూ, ‘బయటివారికి ప్రవేశం లేదు’ బోర్డూ లేని అసలైన దారి. రూలు ప్రకారం వదిలే ఖాళీ స్థలాన్ని టవర్ల వెనక ఈతకొలను పక్కన కాకుండా రోడ్డు వైపు వదిలితే మన ముసలివాళ్లు కూడా నాలుగడుగులు నడుస్తారు.

నాలుగోదాన్ని మన సంఘాలు మరిచిపోతాయి. మా వీధి చివర టీకొట్టు దగ్గర ఒక కార్మికుడు నన్ను సూటిగా అడిగాడు: “మీకు వాసన పోతది సార్, మాకు కొలువు పోతది. మాకేం షరతు పెడ్తరు?” అతనుండేది షాపూర్‌నగర్‌లో ఒక అద్దె గదిలో. ఇంటి పట్టా ఉన్నవాళ్లనే మనం పొరుగు అనుకుంటున్నాం. పట్టా లేనివాడు ఇరవై ఏళ్లుగా ఇక్కడి గాలి మనకంటే ఎక్కువ పీల్చాడు. ముందస్తు నోటీసు, బకాయిల చెల్లింపు, కంపెనీ ఔటర్ అవతలికి తరలితే అక్కడికి బస్సు, కొత్త భవనాల్లో పనులకు ముందుగా అతని ఇంటివాళ్లను పిలవడం షరతుల్లో లేకపోతే ఆ పత్రం మీద సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

ఇవన్నీ రాసుకున్నా అమలు చేయించేదెవరు? ఏరు దాటాక తెప్ప తగలేసే బిల్డర్లు మనకు కొత్త కాదు. ఇలాంటి ఒప్పందాలు పుట్టిన అమెరికాలో కూడా ఈ జబ్బు ఉంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక భారీ ప్రాజెక్టు 2,250 అందుబాటు ధర ఇళ్లు ఇస్తామని మాట ఇచ్చింది. గడువు 2025 మే. ఆ గడువుకు 876 ఇళ్లు కట్టనే లేదు. ఇంటికి నెలకు 2,000 డాలర్ల జరిమానా కాగితం మీద ఉంది, వసూలు చెయ్యాల్సిన ప్రభుత్వ సంస్థ దాన్ని పట్టుకోలేదు. కాబట్టి జరిమానా మీద నమ్మకం పెట్టుకోకూడదు. తాళంచెవి మీద పెట్టుకోవాలి.

ఆ తాళంచెవి మన దగ్గర ఉంది. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పెద్ద భవనం కట్టేవాడు నిర్మాణంలో పది శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. నివాసయోగ్య పత్రం, అదే ఓసీ, వచ్చాకే అది విడుదలవుతుంది. మన షరతులను ఆ ఓసీకి ముడిపెట్టమని అడగాలి. దారి తెరవలేదా, మురుగు ప్లాంటు నడవడం లేదా, అయితే తనఖా విడవద్దు. అలాగే ఎత్తైన భవనాల మీద వసూలయ్యే మౌలిక వసతుల రుసుములో సగం ఆ ప్రాంతంలోనే ఖర్చు పెట్టాలన్న నిబంధన మన భవన నియమాల్లో ఉంది. హిల్ట్ రుసుముకూ అదే న్యాయం వర్తింపజేయమనడం గొంతెమ్మ కోరిక కాదు. సుచిత్ర రద్దీ పేరు మీద వసూలైన డబ్బు సుచిత్ర నాలాను ఒకసారి చూసి వెళ్తే తప్పేముంది?

షరతులు పెడితే ఫ్లాట్ల ధరలు పెరుగుతాయని బిల్డర్లు అంటారు. పెరుగుతాయి, షరతు ఆలస్యంగా వస్తే. ముందే తెలిస్తే భూమి కొనేవాడు ఆ ఖర్చు తీసేసి యజమానికి ధర చెబుతాడు. తరవాత తెలిస్తే ఆ ఖర్చు ఫ్లాటు కొనేవాడి నెత్తిన పడుతుంది. అందుకే ఈ పని ఇప్పుడే చెయ్యాలి, మొదటి భూమిపూజకు ముందే. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో, గడువులు పెట్టుకుని కదిలే విధానం ఇది. మన గుమ్మానికి నోటీసు అంటిస్తారని ఎదురుచూస్తే మనకు కనిపించేది క్రేనే.

కాబట్టి సుచిత్ర, కుత్బుల్లాపూర్, చింతల్, షాపూర్‌నగర్, కొంపల్లి సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. పక్క కంపెనీ జోన్ మార్పు అడుగుతోందని తెలిసిన వారంలో ఒక ఉత్తరం రాయండి. మొదటి వాక్యంలో మాకు సమ్మతమే అనండి. తరవాత నాలుగు షరతులు, ఒక్కోదానికి గడువు, అన్నిటికీ ఓసీతో ముడి రాయండి. కింద ఇంటి యజమానుల సంతకాలతో పాటు అద్దెదారులవీ, ఆ ఫ్యాక్టరీ కార్మికులవీ పెట్టించండి. ఒక ప్రతి హెచ్‌ఎండీఏకు, ఒకటి పరిశ్రమల శాఖకు, ఒకటి మున్సిపల్ కమిషనర్‌కు, ఒకటి కంపెనీకి పంపి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కమాను కట్టిస్తామని ఎవరైనా వస్తే, టీ ఇచ్చి పంపించేయండి.